సున్న చూస్తేనే తిరిగే మోటారు

మార్చి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటలు. మగ్గానికి నూలు కండెలు చుట్టే గదిలో ఉన్నది ముగ్గురు: మోకాలు దెబ్బతిని తొక్కుడు రాట్నానికి దూరమైన వదిన, ఆమె కోసం ఆ రాట్నానికి మోటారు బిగించిన మరిది, నేతశాల నుంచి పరీక్షకు వచ్చిన మేస్త్రి. నూలు తెగకుండా కండె నిండితే ఆమెకు ఇంటి దగ్గరే పని దొరుకుతుంది. తెగితే అది ఇంకొకరికి పోతుంది. ఆ ఒప్పందం కాగితం మేస్త్రి జేబులోనే ఉంది. సంతకమొక్కటే తక్కువ.

పిడికిలిలో ఇమిడే బ్రష్‌లెస్ మోటారు, దాన్ని నడిపే స్పీడ్ కంట్రోలరు, అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలరు బోర్డు, ఒక నాబు. నాబు తిప్పినకొద్దీ బోర్డు పంపే సంకేతం మారుతుంది, దానితో మోటారు వేగమూ మారుతుంది. నెల రోజులు కంటిమీద కునుకు లేకుండా మరిది రాసిన ప్రోగ్రాం ఆ బోర్డులో ఉంది.

అతడు స్విచ్ వేశాడు. మోటారు కదలలేదు సరికదా, కీచుకీచుమని కూయసాగింది.

"లోపల పిట్టను పెట్టావేమిటోయ్?" అన్నాడు మేస్త్రి.

"నిన్న బాగానే తిరిగింది, వదినా! ఒట్టు!" మరిది వైర్లన్నీ తడిమాడు.

వదిన చూపు నాబు దగ్గర ఆగింది. నిన్న సాయంత్రం నూలుకు నప్పే వేగం కుదిరిన చోట పెన్సిలుతో గీత గీసి, నాబును అక్కడే వదిలేసింది. కుదిరినదాన్ని కదపకపోవడం ఇరవై ఏళ్లుగా ఆమె చేతికి అబ్బిన అలవాటు.

"మరిదిగారూ, దీన్ని నిన్నటి గీత దగ్గరే ఉంచాను. తప్పా?"

మరిది నాలుక కరుచుకున్నాడు. "తప్పు నాది. స్విచ్ వేశాక ముందు నాబు సున్న దగ్గర కనబడితేనే మోటారు కదలాలని, అప్పటిదాకా కూయాలని రాసింది నేనే. నీకు చెప్పడం మరిచాను."

"దానికంత అనుమానం దేనికయ్యా?" అన్నాడు మేస్త్రి.

"కరెంటు పోయి వచ్చిందనుకోండి మేస్త్రిగారూ, ఈ కట్టడి లేకపోతే ఒక్కసారిగా వేగం అందుకుని నూలు తెంపేస్తుంది."

మేస్త్రి నవ్వు మాని దగ్గరికి జరిగాడు. "మా శాలలో రోజూ ఇదే గోల. ఏదీ, తిప్పమ్మా."

వదిన నాబును సున్నకు తెచ్చింది. కూత ఆగింది. మెల్లగా పెన్సిలు గీత దాకా తిప్పింది. కండె కదిలి, వేగం పుంజుకుని, నూలును వరుస తప్పకుండా చుట్టుకోసాగింది. సగం నిండగానే మేస్త్రి చెప్పాపెట్టకుండా స్విచ్ ఆపి, మళ్లీ వేశాడు.

మోటారు కూసింది. కదలలేదు. నూలు తెగలేదు.

ఈసారి ఎవరూ చెప్పకముందే ఆమె నాబును సున్నకు తిప్పి, మళ్లీ గీత దాకా తెచ్చింది. కండె నిండింది.

మేస్త్రి నూలు వెంట వేలు పోనిచ్చాడు. ఎక్కడా ముడి తగల్లేదు. "మాకూ ఇలాంటి పిట్టలు రెండు కావాలోయ్," అన్నాడు మరిదితో.

"ముందు ఆ సంతకం కానివ్వండి," అంది వదిన.

మేస్త్రి నవ్వుతూ కాగితం రాట్నం పీట మీద పరిచి సంతకం చేశాడు. కింద ఆమె చేసింది. ఆపైన దాన్ని నాలుగు మడతలు పెట్టి, కండెల డబ్బా అడుగున దాచి మూత బిగించింది.