జీక్యూఎల్ నామకరణం

మా కొండమీదకి ఏది వచ్చినా ముందు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. జీపు అద్దం మీద అక్షరాలు, చొక్కా జేబు మీద అక్షరాలు, మందు డబ్బా మీద అక్షరాలు. వాటి వెనకాల మనిషి దిగుతాడు. ఆ మనిషి పేరు మాకు గుర్తుండదు, ఆయనకి మా ఊరి పేరు గుర్తుండదు. ఆ లెక్కన ఇద్దరం సమానమే.

నీళ్ల పథకం తాలూకు సురేంద్ర కూడా అలాగే దిగాడు. పార్వతీపురం వైపు కుర్రాడు, మంచివాడు. ఎగువ ఊట నుంచి ఊళ్లోకి పైపు వేస్తామన్నాడు. ఆ మాటకి మా వదిన యర్రమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడ మోకాలు వాచి గుమ్మడికాయలా ఉంది. నీళ్లకి కొండకింద గెడ్డలోకి, అంటే వాగులోకి దిగడం ఒక ఎత్తు, నిండు బిందెతో పైకి రావడం ఇంకో ఎత్తు. మొన్న వానల్లో జారిపడితే బిందె సొట్టపోయింది. మోకాలి కంటే బిందె గురించే ఎక్కువ తిట్టుకుంది.

“సంఘం పేరు చెప్పండి,” అన్నాడు సురేంద్ర, ఫోను పట్టుకుని.

“ఎగువ ఊట నీళ్ల సంఘం,” అన్నాను.

“అంత పొడుగైతే ఇందులో పట్టదండీ. ఇంగ్లీషులో మూడక్షరాలు చాలు. రేపు సంతకొచ్చి సెప్పీండి. పేరు లేదంటే పైపులు అవతల కొండమీది ఊరికి పోతాయి.”

“మీ ఆఫీసుకి నాలుగున్నాయి కదా బాబూ, వాటికి అర్థమేటి?” అంది వదిన.

సురేంద్ర మొదటిదానికి చెప్పాడు. రెండోదానికీ చెప్పాడు. మూడోదాని దగ్గర దగ్గొచ్చింది. నాలుగోది చెప్పకుండానే జీపెక్కాడు.

మాలో పేరు పెట్టడమంటే నోటికొచ్చింది పెట్టడం కాదు. ఊరికి మంచీచెడూ చూసే పెద్దని దిసారి అంటాం. ఆయన గిన్నెలో నీళ్లు పోసి, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ బియ్యపు గింజ వేస్తాడు. ఏ పేరుకి గింజ తేలితే ఆ పెద్ద బిడ్డయి తిరిగొచ్చినట్టు. ఆ పేరు ఇక మార్చకూడదు. మారిస్తే బిడ్డకి జబ్బు చేస్తుంది. సంఘం మాత్రం పుట్టబోయే బిడ్డ కాదా? మాకు అలాగే తోచింది. అందులో తప్పేముందో ఇప్పటికీ నాకు తెలియదు.

దిసారి మల్లేశు కోడిపెట్ట అడిగాడు.

“సంఘానికి కోడేటి, దిసారీ?” అంది వదిన.

“ఎవురికెట్టినా పేరు పేరే. కోడి కోడే.”

కోడి ఇచ్చాం. జీలుగు కల్లు కూడా ఇచ్చాం, అది ఎవరూ అడగలేదు.

ఊరి బడిలో చదివినవాణ్ణి కాబట్టి అక్షరాలు చెప్పే పని నాకు పడింది. ఏ, మునిగింది. బీ, మునిగింది. జీ దగ్గర తేలింది. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. ఈసారి ఎంతకీ తేలదు. కోడి ఉడుకుతున్న వాసనొస్తోంది, జనం నన్ను కసురుకుంటున్నారు, నేనేదో దాచిపెట్టినట్టు. క్యూ దగ్గర తేలింది. మూడో విడత ఎల్. అప్పటికే మల్లేశు కల్లుకుండ ఖాళీ చేశాడు గానీ, గింజ గింజే.

మర్నాడు పెదబయలు సంతలో సురేంద్రకి చెప్పాం.

“జీక్యూఎల్. బాగుందండీ. ఫుల్ ఫామ్?”

“అంటే?”

“ఏ అక్షరానికి ఏ మాట?”

“మాటల్లేవు. గింజలు తేలాయి,” అన్నాను.

సంగతంతా విని మూతికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ తరవాత భయపడ్డాడు. “క్యూతో ఏటి రాస్తానండీ నేను? అది తీసీండి. డబ్ల్యూ పెట్టీండి, వాటరని రాసేస్తాను. లేదంటే మా ప్రేమ్‌కుమార్ సారు కాగితం నా మొహానేసి కొడతాడు.”

“మార్సీండి బాబూ,” అంది వదిన. “అక్షరం పోతే పోనీ, నా మోకాలు ముఖ్యం.”

“మారిస్తే పైపుకి జబ్బు సేత్తాది,” అన్నాడు మల్లేశు. “నీళ్లు రావు. ఆనక నన్ననకు.”

వదిన అక్కడే చింతపండు బస్తా మీద కూలబడి మోకాలు నిమురుకుంది. ఆవిడ బిడ్డలిద్దరికీ పేర్లు చూసింది మల్లేశే. ఇద్దరూ గుండ్రాళ్లలా ఉన్నారు.

“ఉంచీండి,” అంది చివరికి. “రాని నీళ్లకి పైపెందుకు?”

ఆ వారంలోనే ప్రేమ్‌కుమార్ సారు మా ఊరొచ్చాడు. సురేంద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. సారు కాగితం దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరం పెట్టుకుని చూశాడు.

“ఓ, జీక్యూఎల్!” అన్నాడు, ఎప్పట్నుంచో ఎరిగిన చుట్టం కనబడినట్టు. “దీనికి అర్థం మీ అందరికీ తెలుసు కదా?”

అందరం తలలూపాం.

“నీకయ్యా?”

“తెలుసు సార్,” అన్నాడు సురేంద్ర.

వదిన కడుపులో అబద్ధం ఆగదు. “అదేటంటే బాబూ...” అని మొదలెట్టింది. నేను కాలు తొక్కాను. వాచిన కాలు కాదు.

సారు గబుక్కున చెయ్యెత్తాడు. “అక్కర్లేదమ్మా, నాకు తెలుసు,” అని సంతకం పెట్టేశాడు. ఆవిడ ఎక్కడ చెప్పేస్తుందోనని నా కంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు.

పైపులొచ్చాయి. ఊరంతా మోశాం. వదిన గుమ్మం పక్కనే కుళాయి పడింది. అందరూ చుట్టూ మూగాక ఆవిడే తిప్పింది. నీళ్లు రాలేదు. ముందు కుళాయి దగ్గింది. తరవాత గుర్రుమంది, ఊరందరినీ పేరుపేరునా తిడుతున్నట్టు. ఆ తరవాత ఎర్ర బురద వదిన చీర మీద ఉమ్మింది. అప్పుడొచ్చాయి నీళ్లు, ధారగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా.

“గింజ తేలిందంటే ఎవురో పెద్ద తిరిగొచ్చినట్టే,” అన్నాడు మల్లేశు. “ఎవురో మీరే సూసుకోండి.”

వదిన తన చీర కేసి చూసుకుంది.

“సూసేదేటి? మా అత్త అచ్చియమ్మే. ముందు తిట్టి, ఉమ్మి, ఆనక కూడెట్టేది.”

అచ్చియమ్మ అంటే పోయిన మా అమ్మ. కాదనడానికేముంది, నిజమే.

ఇప్పుడు కుళాయి మీద జీక్యూఎల్ అని రేకు బోర్డుంది. జీపుల్లో వచ్చేవాళ్లు దాన్ని చదివి, తలాడించి, ఫొటో తీసుకుని పోతారు. ఇంతవరకూ ఎవరూ అర్థం అడగలేదు. వదిన మాత్రం తెల్లారగానే సొట్టబిందె కింద పెట్టి, “అత్తా, బేగి రా. ఎసరెట్టాలి,” అంటుంది.

లోపల గుర్రుమంటుంది. వదిన చీర ఎత్తిపట్టుకుని పక్కకి తప్పుకుంటుంది.