ఏకాదశి నాటి మాత్ర

రెండువేల తొమ్మిది, మాఘమాసం చివర. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి చూడామణి సంచిలో తువ్వాలు, చెంబు సర్దుకుంటోంది. తెల్లారితే నందిగామలో బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాలి. లయ తప్పి కొట్టుకుంటున్న గుండెలోకి తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, తేడా చేస్తున్న చోటును కాలుస్తారట.

కాల్చడమంటే ఆమెకు భయం లేదు. భయమల్లా మెదడు గురించే. భర్త కుటుంబరావు పక్షవాతంతో పదకొండు నెలలు మంచంలో ఉన్నాడు. చివరికి ఆయన నోట మిగిలింది "ఊఁ" ఒక్కటే. ఆకలైనా అదే, ఏడుపొచ్చినా అదే. ఆయనకు గంజి పట్టడానికి తనుంది. తనకు పట్టేదెవరు? పిల్లలు లేరు.

అడిగితే డాక్టరు దాచకుండా చెప్పాడు. "గుండెలో రక్తం గడ్డకట్టి ఉంటే, తీగ తగిలి ఊడి మెదడుకు పోవచ్చమ్మా. అందుకే నాలుగు వారాలు రక్తం పలచబడే మాత్ర. ఒక్కరోజు కూడా మానకండి. సరిగ్గా వేసుకుంటే ఆ ప్రమాదం చాలా అరుదు."

ఇప్పుడు ఫోన్‌లో నర్సు దేవమణి అడుగుతోంది. "మాత్ర ఏ రోజూ మానలేదు కదమ్మా?"

చూడామణి క్యాలెండర్ వంక చూసింది. ఈ నాలుగు వారాల్లో రెండు ఏకాదశులు వచ్చాయి. నలభై ఏళ్ళుగా ఆ రోజున ఆమె మంచినీళ్ళు కూడా ముట్టదు. నీళ్ళు లేకుండా మాత్ర ఎలా? ద్వాదశి పారణయ్యాక వేసుకున్నాను కదా, సరిపోతుందిలే అనుకుంది.

గుమ్మంలో పక్క వాటా ప్రేమకుమారి నిలబడి ఉంది. జగ్గయ్యపేట బడిలో టీచరు. తోడు లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోరు. "హెడ్మాస్టర్ని బతిమాలి మూడ్రోజులు సెలవు తెచ్చా పిన్నిగారూ. పరీక్షలయ్యేదాకా మళ్ళీ నన్నడక్కండి" అని పొద్దున్నే చెప్పింది.

"అమ్మా, వింటున్నారా? మానలేదుగా?"

"ఊఁ" అంది చూడామణి.

ఆ ఊఁ తన చెవినే పడింది. అచ్చం కుటుంబరావు ఊఁ.

"కాదమ్మా, ఆగు. రెండ్రోజులు మానా. ఏకాదశులకి."

దేవమణి డాక్టర్ని అడిగి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. "రేపు రావద్దంటున్నారమ్మా. మళ్ళీ నాలుగు వారాలు వేసుకుని రండి, గడ్డ లేదని స్కాన్‌లో చూశాకే చేస్తారట. చెప్పి మంచిపని చేశారు."

ప్రేమకుమారి సంచి వంక చూసింది. "దేవుడు మీ మాత్ర అడిగాడా పిన్నిగారూ?"

"అడగలేదే. నేనే ఇచ్చా."

"ఇంకా నయం, గుండె ఇవ్వలేదు." నవ్వబోయి ఆగింది. "ఈసారి మీ తోడు..."

"తెలుసులే. నువ్వు బడికి వెళ్ళు."

ఫాల్గుణ ఏకాదశి వచ్చింది. చూడామణి దేవుడి ముందు కూర్చుని మాత్ర అరచేతిలో పెట్టుకుంది. ప్రాణం పోసినవాడు, దాన్ని నిలుపుకుంటే కోపగిస్తాడా? నలభై ఏళ్ళుగా ఏకాదశి పూజ చేసి ఉద్ధరిణెడు తులసి తీర్థం పుచ్చుకుంటూనే ఉంది. అది నీళ్ళని ఎన్నడూ అనుకోలేదు. మాత్రకు ఆ ఉద్ధరిణెడు చాలు.

మాత్ర నోట్లో వేసుకుని తీర్థం పుచ్చుకుంది.

క్యాలెండర్లో ఆ రోజుకు గీత పెట్టింది. ఇంకా పద్దెనిమిది రోజులు. వెంట వచ్చేదెవరో తెలియదు.

"కేశవా" అంది పైకి. మాట తడబడకుండా వచ్చింది. పక్క వాటాకు తాళం వేసి ఉంది.