పక్క కుట్టు పడ్డాక

పొద్దున ఎనిమిదింటికి సైరన్ మోగేసరికి చివరి వరసలో పదిమందీ మిషన్ల ముందు ఉండాలి. టిఫిన్ డబ్బా కాళ్ళ దగ్గర, చెప్పులు బల్ల కింద, నోట్లో ఇంకా ఇంట్లో గొడవ. కాలరు ఒకరు, చేతులు ఒకరు, జేబులు ఒకరు కుట్టుకుంటూ వస్తే, చంక దగ్గర్నుంచి అంచు దాకా పక్క కుట్టు వేసి దాన్నొక చొక్కా అనిపించేది ఈ పదిమందే.

ఇదివరకు స్కూలు పిల్లలవి కుట్టేవాళ్ళు. యుద్ధం మొదలయ్యాక అన్నీ సైనికులవే. కటింగ్ మాస్టారు ఒకటే అట్ట పెట్టి అన్ని గుడ్డలూ ఒకేలా కోస్తాడు. అయినా సరే, పక్క కుట్టు పడగానే చొక్కా కాస్త కదిలి, తనని వేసుకెళ్ళబోయే మనిషి కొలతకి సర్దుకుంటుంది. తడిస్తే గుడ్డ ముడుచుకోదూ, అలాగే అదీను. మొదట్లో సూపర్వైజరు "ఇదేంటమ్మా, ఒక్కటీ సైజులో లేదు" అని నసిగాడు. తర్వాత మానేశాడు. వెళ్ళిన చొక్కా ఒక్కటీ వెనక్కి రాలేదు కదా. వేసుకున్నవాళ్ళూ రాలేదు.

అందరికన్నా ఎత్తుగా ఉంటుందని ఒకావిడని పొడుగక్క అంటారు. ఓ రోజు పక్క మిషన్ మీది బుగ్గల వదినని అడిగింది, "అవునూ, ఇన్ని నెలల్లో ఒక్క బొజ్జ చొక్కా అన్నా వచ్చిందా వదినా?"

"బొజ్జున్నోళ్ళకి తీరికెక్కడిది? పాపం, వాళ్ళు మీటింగుల్లో యుద్ధం చేస్తున్నారుగా!"

వరసంతా నవ్వింది. నవ్వి, కుట్టిన చొక్కాల వంక చూసింది. మూటలు మోసి వంగిన వీపులు. చిన్నప్పుడు కడుపు నిండక ఎదగని ఛాతీలు. నవ్వు ఆగిపోయింది.

ఆ మంగళవారం కొత్త విడత మొదలెట్టగానే పొడుగక్క చేతిలో ఒక చొక్కా కదిలింది. కుడి భుజం రెండు వేళ్ళు కిందకి దిగింది. ఆవిడ దాన్ని తడిమింది, మళ్ళీ తడిమింది. కొడుకు మూడేళ్ళుగా కుడి భుజం మీదే గ్యాసు బండలు మోస్తున్నాడు. వాడి చొక్కాలన్నీ ఇంట్లో కుట్టేది ఈవిడే. టేపెందుకు, చెయ్యి చాలు.

కత్తెర తీసి పక్క కుట్టు చరచరా విప్పేసింది. భుజం పైకి లేచింది. హమ్మయ్య అనుకునేలోపు పక్క మిషన్ మీద, అప్పుడే కుట్టిన చొక్కా కదిలింది. ఎడమ చెయ్యి పొట్టిదైంది.

బుగ్గల వదిన ఆ పొట్టి చెయ్యిని లాగి చూసింది. మిల్లులో చెయ్యి విరిగి వంకరగా అతుక్కున్నది వాళ్ళాయనకి.

"ఏంటక్కా ఇది? నీ కొడుకు బతకాలని నా మొగుణ్ణి పంపిస్తావా?"

"నాకేం తెలుసే! ఆగు, నువ్వు విప్పకు. నువ్వు విప్పితే ఆ పక్కావిడ మీదకి పోతుంది. ఆవిడ విప్పితే ఆ పైదాని మీదకి. మనలో మనకే తిరుగుతుంది ఇది."

"అయితే కూర్చుని చూడమంటావా?"

పొడుగక్క లేచి నిలబడింది. "ఏ మిషన్ మీదా కుట్టిన చొక్కా లేకపోతే ఎక్కడికి పోతుంది? అందరూ విప్పండి. అందరూ, ఒక్కసారే."

గుండీలు కుట్టే ముసలావిడ వెనకనుంచి, "ఉద్యోగాలు ఊడతాయే" అంది. అంటూనే తన కత్తెర కూడా ఇచ్చింది.

పది కుట్లూ విప్పారు. హాలంతా ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట మాత్రం మూడు లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి.

ఓనరు ఇస్త్రీ మడత నలగకుండా మెట్లు దిగొచ్చాడు. "దేశం ప్రాణాల మీదకొస్తే మీకు సమ్మెలా? లేవండి. నేనూ ఈ మిషన్ తొక్కే పైకొచ్చా" అని పొడుగక్క స్టూలు మీద కూర్చున్నాడు. పని తెలిసినవాడే. కుట్టు ఎక్కడా వంకరపోలేదు.

చొక్కా కదిలింది. మెడ పెద్దదైంది. భుజాలు రెండూ సమానం, ఎన్నడూ ఏదీ మొయ్యనివి. పొట్ట దగ్గర గుడ్డ అలా సాగింది, సాగింది, ఆగింది.

ఓనరు దాన్ని తడిమాడు. పోయినేడు కొడుకు పెళ్ళికోటు తన చేతుల్తోనే కుట్టాడు.

"ఇది మావాడిది" అన్నాడు.

బుగ్గల వదిన నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఎవరూ నవ్వలేదు. బయట లారీ హారన్ కొట్టింది.

"ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు ఆయన. ఇన్నేళ్ళలో వాళ్ళని ఏదన్నా అడగడం అదే మొదటిసారి.

పొడుగక్క ఆయన చేతిలో కత్తెర పెట్టింది. "విప్పండి. విప్పి, రెండోది మొదలెట్టకండి."

సాయంత్రానికి లారీలు ఖాళీగా వెళ్ళిపోయాయి. ఆ విడతలో వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళలేదు. గేటు దాటుతుంటే బుగ్గల వదిన ఆగింది.

"పక్క ఊళ్ళో కూడా ఫ్యాక్టరీ ఉందిగా అక్కా. లారీలు అటే పోయుంటాయి."

"అక్కడా పక్క కుట్టు వేసేది మనలాంటోళ్ళేగా" అంది పొడుగక్క. "పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కో."