రెండో నంబరు

ఆ వారం రోజులూ హిసానో తన ఫోనును చంటిపిల్లలా చూసుకుంది. స్నానానికి వెళ్తే ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తీసుకెళ్ళింది. చెత్త సంచి పడేయడానికి కిందికి దిగినా అది చేతిలోనే ఉంది. సెందాయ్ నుంచి కన్నతల్లి పలకరిద్దామని చేస్తే, "లైను ఖాళీగా ఉండాలమ్మా, పెట్టేయ్" అని మధ్యలోనే కట్ చేసింది. మాట్లాడుతుండగా ఇంకో ఫోను వస్తే తెలిసే ఏర్పాటు ఆమె ఫోనులో లేదు. అలాంటిది కావాలని ఇన్నేళ్ళలో ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు మరి.

ఆమె ఎదురుచూస్తున్నది షిరాఫుజి బాలికల పాఠశాల నుంచి వచ్చే ఫోను కోసం. కూతురు చిగుసా ఫిబ్రవరి మొదటి మూడు రోజుల్లో నాలుగు బడులకు ప్రవేశ పరీక్ష రాసింది. మూడింట్లో పోయింది. నాలుగోదైన షిరాఫుజిలో వెయిటింగ్ లిస్టులో పడింది. మొదట నాలుగో స్థానం. పై ముగ్గురినీ ఒక్కొక్కరినే పిలిచేశారు. ఇప్పుడు చిగుసాయే ముందుంది. చేరతామని సంతకం పెట్టినవాళ్ళలో ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, వద్దనుకుంటే చాలు. బడివాళ్ళు పంపిన కాగితంలో అంతా ఖచ్చితంగా రాసి ఉంది: సీటు ఖాళీ అయిన వెంటనే ఫోను చేస్తాం, ఏ రోజైనా, ఏ వేళైనా. పది నిమిషాల్లో మూడుసార్లు చేస్తాం. అందకపోతే రెండో నంబరుకు చేస్తాం. అదీ అందకపోతే సీటు తరువాతివారికి వెళ్తుంది.

"తేలిగ్గా సీటొచ్చే బడి ఒకటి కూడా పెట్టమని నేను సెప్టెంబరులోనే చెప్పాను" అన్నాడు మొగుడు మొరిహిరో, శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర. అనడం ఇది ఎన్నోసారో అతనికే తెలియదు.

"అలాంటిది ఒకటి పెడితే పిల్ల అక్కడే చతికిలబడుతుంది. మీరు చతికిలబడలేదూ?"

"ఇప్పుడెక్కడ కూర్చుంటుంది? వీధి చివర సర్కారు బళ్ళో."

"ఆ నోటితో మంచిమాట ఒక్కటి రాదు కదా మీకు."

చిగుసా గిన్నె కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల అక్టోబరు నుంచి తల్లితో అవసరానికి మించి మాట్లాడటం లేదు. పరీక్షల ఒత్తిడి అని హిసానో ఊళ్ళో వాళ్ళకు చెప్పుకుంది. కారణం అది కాదని ఆమెకు తెలుసు.

అదే రాత్రి కోచింగ్ సెంటరు అమ్మల గ్రూపులో, చిగుసాతో చదివే మయూకా తల్లి ఒక మెసేజ్ పెట్టింది. "మా మయూకాకి ఓగాన్‌లో సీటొచ్చింది. అందరి దీవెనలు. షిరాఫుజిలో కూడా సంతకం పెట్టి ఉంచాం. వదులుకునే కాగితం ఇంకా ఇవ్వలేదు. తొందరేముంది, నింపాదిగా ఆలోచించుకుంటున్నాం." కింద పువ్వు బొమ్మ ఒకటి.

పదిహేడుమంది తల్లులు అభినందనలు పెట్టారు. అన్నిటికన్నా పై బడి ఓగాన్ వచ్చినవాళ్ళు షిరాఫుజి గురించి ఆలోచించడమేమిటి? ఓగాన్ వస్తే మిగతా కాగితాలన్నీ ఆ పూటే ఇచ్చేస్తారు ఎవరైనా. ఆ మెసేజ్ ఎవరికోసమో హిసానోకి తెలిసిపోయింది. ఒళ్ళు మండిపోయింది.

మండడానికి ఆమెకు హక్కుందా అంటే, లేదు. అక్టోబరులో జరిగింది ఇది. కోచింగ్ సెంటరులో నెలనెలా పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులను బట్టి పిల్లల కుర్చీలు మారుస్తారు. పై క్లాసులో పద్దెనిమిది కుర్చీలు. చిగుసాకి ఆ నెల పందొమ్మిదో ర్యాంకు వచ్చింది. ఒక్క కుర్చీ. హిసానో రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోరోజు పై క్లాసు చూసే హనావా సార్ దగ్గరికి వెళ్ళి, తన పేరు బయటికి రానివ్వొద్దని మాట తీసుకుని, మయూకా పరీక్షలో మా అమ్మాయి పేపరులోకి చూసి రాస్తోందట అని చెప్పింది. నెలవారీ పరీక్షలో ఇద్దరూ పక్కపక్కన పడిన మాట నిజం. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకే డబ్బాలోంచి అన్నం పంచుకు తినే స్నేహితులన్న మాటా నిజం. చూసి రాసిందన్నదే పచ్చి అబద్ధం. సార్‌కి పై క్లాసులో గొడవలు పడవు. విచారణా గిచారణా లేకుండా మయూకాను కింది క్లాసుకి దించేశారు. చిగుసా పద్దెనిమిదో కుర్చీ ఎక్కింది.

సార్ పేరు బయటపెట్టలేదు. పెట్టే అవసరమూ లేకపోయింది. ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూస్తే సరిపోయింది అందరికీ.

శనివారం పొద్దున హిసానో ముదురు నీలం కోటు తొడుక్కుంది. ఇంటర్వ్యూలకని కుట్టించుకున్నదే. స్టేషను దగ్గర మంచి స్వీట్లడబ్బా కొని, మూడు స్టేషన్లు దాటి మయూకా వాళ్ళ అపార్ట్‌మెంటు గంట నొక్కింది. పది గంటల యాభై నిమిషాలయింది.

"అయ్యో, చిగుసా వాళ్ళమ్మగారా. ఇంత చలిలో వచ్చారే" అంది మయూకా తల్లి తలుపు తీసి.

అన్నదే గాని లోపలికి రమ్మనలేదు. ఇంట్లో వేసుకునే చెప్పులు తీసి ముందు పెట్టనూ లేదు. గడప దగ్గర, నలుగురి బూట్లు విప్పి ఉన్న ఆ కాస్త చోటులోనే హిసానో నిలబడాల్సి వచ్చింది. ఆవిడ మెట్టు పైన నిలబడింది కాబట్టి మాట్లాడాలంటే తలెత్తాలి.

"ఓగాన్ అంటే మాటలు కాదండీ. అభినందనలు చెబుదామని వచ్చాను."

"కింది క్లాసులో కూర్చుని తెచ్చుకుంది పాపం. అక్కడ చూసి రాయడానికి పక్కన మీ అమ్మాయి కూడా లేదు."

హిసానో స్వీట్లడబ్బా రెండు చేతులా చాచింది. ఆవిడ దాన్ని అందుకోలేదు. బూట్ల అలమర మీద పెట్టమన్నట్టు చూసింది.

"వచ్చిన పని చెప్పండి. పొయ్యి మీద ముల్లంగి ఉడుకుతోంది."

"షిరాఫుజి కాగితం..." హిసానో డబ్బాను అలమర మీద పెట్టింది. "మీకు ఓగాన్ ఉంది. మీకా సీటు ఎందుకూ పనికిరాదు. మా అమ్మాయికి అదొక్కటే ఉంది. దయచేసి ఆ కాగితం ఇచ్చేయండి."

"పనికిరాదని మీరెలా చెబుతారు? మా పిల్ల సంగతులన్నీ మీకే తెలుసు మొదటినుంచీ."

హిసానో మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంటర్వ్యూ కోటు బూట్ల మధ్య దుమ్ములో పరుచుకుంది. రెండు అరచేతులూ నేలకు ఆనించి నుదురు కిందికి వంచింది. ఇలా వంగడం ఆమె జన్మలో మొదటిసారి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చిగుసా కోసం, చిగుసా కోసం అని పళ్ళ బిగువున అనుకుంది.

"లేవండి. నేల చల్లగా ఉంది. పక్కింటివాళ్ళు చూస్తే నేనేదో చేశాననుకుంటారు."

"ఏం చేయమంటే అది చేస్తాను."

మయూకా తల్లి గోడ గడియారం వంక చూసింది. తరువాత హిసానో వంక చూసింది.

"హనావా సార్‌కి ఫోను చేయండి. అక్టోబరులో మీరు చెప్పింది అబద్ధమని చెప్పండి. ఇక్కడే, నేను వింటుండగా."

హిసానో చెయ్యి తన జేబు మీదికి పోయి ఆగింది. "మీ ఫోను ఒకసారి ఇస్తారా?"

"బాగుంది. అబద్ధం మీది, ఫోను నాదా?"

హిసానో ఆలోచించింది. వారం రోజులుగా ఈ లైను ఖాళీగా పెట్టుకుంది. కానీ కదలాల్సిన సీటు ఈవిడ చేతిలోనిదే. ఈవిడ కాగితం ఇస్తేగాని ఏ సీటూ ఖాళీ కాదు, ఏ ఫోనూ రాదు. ఈవిడేమో ఎదురుగా మెట్టు మీద నిలబడి ఉంది. ఇక ఇప్పుడు ఎవరు చేస్తారు? లెక్క సరిగ్గానే ఉందనిపించింది. ఫోను తీసింది. పదకొండూ నాలుగు.

"సార్, నేను చిగుసా వాళ్ళమ్మని."

"చెప్పండమ్మా, షిరాఫుజి నుంచి ఏమైనా..."

"అది కాదు సార్. అక్టోబరులో నేను మీకొక మాట చెప్పాను. అది నిజం కాదు."

"ఏ మాట?"

"వినబడటం లేదు" అంది మయూకా తల్లి మెట్టు మీంచి. "పిల్ల పేరు పెట్టి చెప్పండి."

"మయూకా చూసి రాసిందని చెప్పాను. రాయలేదు. నేను చూడనూ లేదు, నాకెవరూ చెప్పనూ లేదు. నేనే కల్పించాను."

"ఎందుకు చెప్పారమ్మా అలా?"

"మా అమ్మాయికి పందొమ్మిదో ర్యాంకు వచ్చింది."

"ఒక్క నిమిషం ఉండండి. ఇది డైరెక్టరు గారు కూడా వినాలి." ఫోనులో ఆగి ఉండమని వాయించే సంగీతం మొదలైంది. అది సాగుతూనే ఉంది. హిసానో పెట్టేద్దామని చూస్తే, ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఉండండి. నాలుగు నెలలు మా పిల్ల ఆ మాట మోసింది. మీరు నాలుగు నిమిషాలు నిలబడలేరా?"

డైరెక్టరు వచ్చాడు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. తేదీ అడిగాడు. ఏ పరీక్షో అడిగాడు. హిసానో అన్నీ చెప్పింది. చెబుతుంటే సిగ్గు పోయి, ఒక రకమైన మొండి కోపం వచ్చింది. చెప్పేశాను, ఇంతకన్నా ఏం కావాలే నీకు, అని లోపల ఆవిణ్ణి తిట్టుకుంటూ ఫోను పెట్టింది. పదకొండూ ఇరవై ఒకటి.

"చెప్పాను. విన్నారు కదా. ఇక కాగితం ఎప్పుడిస్తారు?"

"కాగితమా?" మయూకా తల్లి స్వీట్లడబ్బా తీసి హిసానో చేతిలో పెట్టింది. "పొద్దున తొమ్మిదింటికే మా ఆయన వెళ్ళి ఇచ్చొచ్చారు. కాగితాలన్నీ సరిచూసుకుని పదకొండు దాటాక తరువాతివాళ్ళకి ఫోను చేస్తామన్నారట అక్కడి గుమస్తా."

హిసానోకి ఒక క్షణం ఆ మాటలు బుర్రకెక్కలేదు.

"ఎందుకు చెప్పలేదు మీరు?"

"మీరు అడగలేదుగా. ఇవ్వండి ఇవ్వండి అని బతిమాలారు గాని, ఇచ్చారా అని ఒక్కసారైనా అడిగారా? నేను మొండిగా పట్టుకు కూర్చునేదాన్నని మీరే అనుకున్నారు. అడక్కుండానే అనుకోవడం మీకు అలవాటే కదా." తలుపు వేస్తూ ఆగింది. "ముల్లంగి మాడిపోతోంది."

హిసానో మెట్ల మీదే నిలబడి షిరాఫుజికి ఫోను చేసింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది.

"మీకు చేశామండీ" అంది అవతలి అమ్మాయి, ఎంతో మర్యాదగా. "పదకొండూ ఆరుకి, పదికి, పద్నాలుగుకి. మూడుసార్లూ లైను ఖాళీ లేదు. రెండో నంబరుకి కూడా చేశాం. కానీ మీరు రెండో గడిలోనూ ఇదే నంబరు రాశారండీ. తరువాతివారు వెంటనే ఒప్పుకున్నారు."

"నేను ఇప్పుడే వచ్చి..."

"క్షమించాలండీ. కాగితంలో ముందే రాశాం."

మయూకా తల్లిని తిట్టుకుంటూ రైలెక్కింది. మూడు స్టేషన్లూ తిట్టింది. రాక్షసి, కావాలనే చేసింది, గడియారం చూసి మరీ చేసింది. ఇంటికి వెళ్ళగానే చిగుసాకి ఏం చెప్పాలో కూడా కూర్చుకుంది: మయూకా వాళ్ళమ్మ మన సీటు పోగొట్టింది.

తలుపు తీసేసరికి తండ్రీకూతుళ్ళిద్దరూ వంటింటి బల్ల దగ్గర ఉన్నారు. మొరిహిరో ఆమె మొహంలోకి చూడలేదు.

"హనావా సార్ నాకు ఫోను చేశారు" అన్నాడు. "కోచింగ్‌లో చేర్పించింది నేను కాబట్టి వాళ్ళ దగ్గర నా నంబరుంది. అంతా చెప్పారు."

"సార్‌కి నేను అప్పుడే చెప్పాను, మయూకా చూడలేదని" అంది చిగుసా. నాలుగు నెలల్లో ఇంత పొడుగు మాట ఇదే. "అమ్మ చెప్పినదాన్నే నమ్మారు."

"మీ ఇద్దరూ ఆగండి. ఆ మయూకా వాళ్ళమ్మ ఏం చేసిందో ముందు వినండి. పొద్దునే కాగితం ఇచ్చేసి, నాకు చెప్పకుండా..."

"ఇచ్చేసిందా?" చిగుసా తలెత్తింది. మొహం ఒక్కసారిగా విప్పారింది. "అయితే షిరాఫుజి నుంచి ఫోను వచ్చిందా?"

హిసానో చేతిలోని స్వీట్లడబ్బా వంక చూసింది.

"వచ్చింది" అంది. "మూడుసార్లు."

"ఎప్పుడు?"

"పదకొండూ ఆరు. పది. పద్నాలుగు."

మూడేళ్ళు రోజుకు నాలుగు గంటల చొప్పున లెక్కలు చేసిన పిల్ల. కాగితం అక్కర్లేకపోయింది. సార్ తండ్రికి ఫోను చేసింది పదకొండున్నరకి. అమ్మ పదకొండూ నాలుగు నుంచి పదిహేడు నిమిషాలు మాట్లాడిందని ఆయనే అన్నారు. పిల్ల పెదాలు కదిలి ఆగిపోయాయి. విప్పారిన మొహం మెల్లగా మూసుకుపోయింది. తండ్రి ఫోను బల్ల మీద, ఆమె మోచేతి పక్కనే ఉంది. సార్ చేసేదాకా పొద్దున్నుంచీ అక్కడే ఖాళీగా పడి ఉంది.

చిగుసా దాన్ని ఒక వేలితో తల్లి వైపు నెట్టింది.

"రెండో నంబరు నాన్నది ఎందుకు రాయలేదు?"

మొరిహిరో కూడా అప్పుడు ఆమె వంక చూశాడు. హిసానో స్వీట్లడబ్బాను ఆ ఫోను పక్కన పెట్టింది.