వీపు మీద జేబు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని సామెత. టైలరు ఇంట్లో ఆ ఉలిపికట్టెకు పదిహేనేళ్ళు, రెండు జడలు. వాటిలో ఒకటి నడుము దాకా, ఇంకొకటి భుజం దాకా. రెండోదాన్ని ఎందుకు కత్తిరించావే అని నాయనమ్మ నెత్తి కొట్టుకుంటే, "ఆ జడకి పొడుగు ఇష్టం లేదు నాయనమ్మా" అంది. ఆ రోజు నుంచి నాయనమ్మ మనవరాల్ని ఉలిపికట్టె అనే పిలుస్తోంది. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

టైలరుకి మాత్రం ఈ వరస ఎంతమాత్రం కిట్టదు. వీధి చివరి బడికి ఇరవై ఏళ్ళుగా యూనిఫాం చొక్కాలు కుట్టేది అతడే. లేత నీలం బట్ట, తెల్ల గుండీలు, గుండె మీద ఒక జేబు. ఇరవై ఏళ్ళలో దారం రంగు కూడా మారలేదు. చొక్కాలో ఒక్కో భాగానికి ఒక్కో అట్ట ఉంది. ముందు భాగం అట్టకి రెండు చిల్లులు, జేబు ఎక్కడ రావాలో చెప్పడానికి. బట్ట మీద అట్ట పరిచి చుట్టూ సుద్దతో గీస్తాడు, సైజు పెద్దదైతే వేలో రెండు వేళ్ళో వదిలి గీస్తాడు, చిల్లుల్లోంచి రెండు చుక్కలు పెడతాడు. ఆ తర్వాత మెషిను ముందు కూర్చున్నాడంటే ఇంక ఆలోచించేది లేదు. సుద్ద ఎక్కడ ఉంటే దారం అక్కడ. అది అతడి సూత్రం. కళ్ళు మూసుకుని కుడతానని గొప్పలు చెప్పుకునేవాడు. అందులో ఎంత నిజముందో ఆ వేసవిలో తేలిపోయింది.

బడి తెరవడానికి పది రోజులుందనగా ఉలిపికట్టె మెషిను పక్కకి వచ్చి నిలబడింది.

"నాన్నా, ఈసారి నా చొక్కాకి జేబు వీపు మీద పెట్టు."

టైలరు తొక్కుతున్న కాలు ఆపాడు. "వీపు మీద జేబులో ఏం పెట్టుకుంటావే?"

"నేనేం పెట్టుకోను. వెనక బెంచీ వాళ్ళు పెడతారు. ఏం పెట్టారో నాకు తెలీదు కదా. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటా."

"బడిలో అందరికీ ముందే ఉంది జేబు. నీకొచ్చిన కష్టమేంటి?"

"అందరికీ ఉండటమే నాన్నా."

"నలుగురితో నారాయణ అన్నారు పెద్దవాళ్ళు."

"ఆ నలుగురూ ఎవరు నాన్నా? పుట్టినప్పటి నుంచీ వింటున్నా, ఒక్కళ్ళూ కనబడలేదు."

మూల పీట మీద కూర్చుని గుండీలు కుడుతున్న నాయనమ్మ కిసుక్కున నవ్వింది. టైలరుకి ఒళ్ళు మండింది. కుదరదంటే కుదరదన్నాడు. నలుగురూ నవ్వుతారన్నాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అతడు. ఆ కుందేలు కూతురికి వారసత్వంగా వచ్చిందని మాత్రం ఎప్పుడూ గమనించుకోలేదు. ఉలిపికట్టె లోపలి గదిలోకి పోయి తలుపేసుకుని, చొక్కా సంగతి తేలేదాకా మాట్లాడనని తలుపు సందులోంచి చీటీ తోసింది.

మర్నాడు టైలరు దారం ఉండలు కొనడానికి బజారుకి వెళ్ళిన గంటలో ఆ పిల్ల గది వదిలి బయటికి వచ్చింది. నాయనమ్మ కునుకు తీస్తోంది. ముందు అట్ట చిల్లుల మీద కాగితం ముక్కలు అంటించింది. వీపు అట్టకి కొత్తగా రెండు చిల్లులు పొడిచింది. ఒక్క చొక్కాకి సరిపడా బట్ట కత్తిరించి, గడగడా కుట్టేసి, తన పెట్టె అడుగున దాచేసింది. అట్టలు ఎప్పటిలా సరిచేద్దామనుకునేలోగా గుమ్మం ముందు సైకిలు బెల్లు మోగింది. చేసేది లేక గదిలోకి దూరి తలుపేసుకుంది.

ఆ తర్వాత జరిగినదానికంతా టైలరు నోరే కారణం. ఆ వారమంతా అతడు మూసిన తలుపుకి బుద్ధులు చెబుతూనే కుట్టాడు. చిల్లులు లేని అట్ట చుక్కలు పెట్టనివ్వలేదు, కాబట్టి ముందు భాగానికి జేబు లేదు. చిల్లులున్న అట్ట చుక్కలు పెట్టించింది, కాబట్టి వీపుకి జేబు వచ్చింది. సుద్ద ఎక్కడ ఉంటే దారం అక్కడ.

"వీపు మీద జేబంట. లోకంలో ఎక్కడైనా ఉందా?" అంటూ ఒక వీపు మీద జేబు కుట్టి పక్కన పడేశాడు. "ఇవాళ జేబంటావు, రేపు కాలరు మోకాలికి పెట్టమంటావు" అంటూ ఇంకో వీపు అందుకున్నాడు. మనిషి నోరు తలుపు వైపు, చెయ్యి మెషిను వైపు, బుర్ర ఎటు వైపో దేవుడికే తెలియాలి. అలా నూట అరవై చొక్కాలు అయ్యాయి.

బడి పద్ధతి ప్రకారం ముందుగా ఒక చొక్కా నమూనాగా పంపాలి. పెద్ద మేడమ్ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, మడత కూడా విప్పకుండా, 'నమూనా చూశాను, సక్రమంగా ఉంది' అని రాసి ఉన్న కాగితం మీద సంతకం గీకేసింది. ఇరవై ఏళ్ళుగా ఒకటే చొక్కా, కొత్తగా చూసేదేముంటుంది.

బడి తెరిచిన రోజు పొద్దున టైలరు గేటు బయట నిలబడ్డాడు. ఏటా నిలబడతాడు. తను కుట్టిన చొక్కాలన్నీ వరసల్లో నిలబడితే చూసుకోవడం అతడికున్న ఒకే ఒక్క వినోదం. గేటు వైపున్నవి పిల్లల వీపులు. నూట అరవై వీపులు, నూట అరవై జేబులు. ఒకదాంట్లో అప్పుడే దువ్వెన ఉంది. ఇంకోదాంట్లో అరటి తొక్క ఉంది, దాని సొంతదారుకి ఇంకా తెలీదు. టైలరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. జేబులు అక్కడే ఉన్నాయి. సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వరసలో వెనక్కి తిరిగి చూస్తున్నది ఒక్కతే. పెట్టె అడుగున దాచుకున్న చొక్కా వేసుకుని, పొడుగు జడ ఒకవైపు, పొట్టి జడ ఒకవైపు, నోరు తెరిచి.

పెద్ద మేడమ్ టైలర్ని గదిలోకి పిలిపించింది. ఏం కేకలు వేద్దామనుకుందో గానీ, బల్ల మీద తన సంతకం కాగితం నకలు ఆవిడ కంటబడింది. చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకునే జాతి కాదు ఆవిడ. రెండుసార్లు దగ్గింది.

"ఇది... వెన్ను నిటారుగా ఉండటానికి కదండీ?"

టైలరు తల గోక్కున్నాడు. "అంతేనండి మేడమ్."

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద కాగితం పడింది. 'జేబు వీపు మీదనే ఉండవలెను.' చింత తీరింది కదా అని టైలరు ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. వస్తూనే తల్లిని నిలదీశాడు. గుండీలు కుట్టినావిడ, మడతలు పెట్టినావిడ, ఒక్కటీ చూడలేదా అని.

"అన్నీ చూశాన్రా" అంది నాయనమ్మ. "బడివాళ్ళు కొత్తగా చెప్పారేమో అనుకున్నా. ఈ కాలంలో ముందేదో వెనకేదో నాకేం తెలుసు?"

లోపలి గదిలో ఉలిపికట్టె ఏడుస్తోంది. టైలరు తలుపు తోశాడు. "ఎందుకే ఏడుపు? నువ్వు కోరిందే కదా. నీకొక్కదానికి అడిగితే అందరికీ పెట్టాను."

"నా జేబు ఊరందరికీ పంచిపెట్టావు నాన్నా." ముక్కు చీదింది. "నేనడిగింది వీపు మీద జేబు కాదు. నాది అని ఒకటి."

టైలరుకి అప్పటికి అది చెవికే గానీ మనసుకి ఎక్కలేదు. ఎక్కడానికి మర్నాటి పొద్దున పట్టింది.

మర్నాడు ఉలిపికట్టె నిరుడు కుట్టిన చొక్కా వేసుకుని బడికి పోయింది. చేతులు పొట్టైపోయాయి, గుండె మీద జేబు. అరగంటలో తిరిగొచ్చింది, చేతిలో చీటీ. 'విద్యార్థినికి క్రమశిక్షణ లేదు. ముందు జేబుతో తరగతిలోకి రానివ్వము. వీపు జేబు ధరించి రావలెను, లేనిచో రానక్కరలేదు.'

టైలరు చీటీ రెండుసార్లు చదివాడు. మొన్నటిదాకా ముందు జేబు కోసం తను గొంతు చించుకున్నాడు. ఇవాళ అదే జేబు నేరమైంది. దండెం మీద పిల్ల స్వయంగా కుట్టుకున్న చొక్కా వేలాడుతోంది. అది వేసుకుని పొమ్మంటే ఒక్క మాటతో తేలిపోతుంది. చొక్కా అందుకున్నాడు, "నలుగురితో..." అని మొదలుపెట్టాడు, ఆగిపోయాడు.

తనకి పదహారేళ్ళప్పుడు చొక్కా చేతుల అంచులకి ఎర్ర పట్టీ కుట్టుకున్నాడు. ఎంత ముచ్చటపడి కుట్టుకున్నాడో. వాళ్ళ నాన్న కొట్లో అందరి ముందూ చెయ్యి పట్టుకుని, సూదితో ఒక్కో కుట్టే విప్పి పట్టీలు లాగేశాడు. నలుగురూ నవ్వారు. అదిగో, ఆ నలుగురు వాళ్ళే. పిల్ల అడిగినప్పుడు చెప్పలేకపోయాడు గానీ ఆ మొహాలు అతడికి బాగా గుర్తు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళకి భయపడే ఏ రంగు బట్టకి ఆ రంగు దారమే కుడుతూ వచ్చాడు. తలుచుకుంటే ఉక్రోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చొక్కా మళ్ళీ దండెం మీద వేసేశాడు.

"పద" అన్నాడు కూతురితో. గోడకి మేకు మీద గుచ్చిన కాగితాల్లోంచి రెండు లాగి జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద మేడమ్ గదిలో రెండు కాగితాలూ బల్ల మీద పరిచాడు. "మేడమ్, ఇది నిరుడు మీరు పెట్టిన సంతకం. ముందు జేబు సక్రమంగా ఉందన్నారు. ఇది ఈ ఏటిది. వీపు జేబు సక్రమంగా ఉందన్నారు. పిల్ల వేసుకుంది మీరు సంతకం పెట్టిన చొక్కానే. ఈ రెంటిలో ఏ సంతకం తప్పో చెప్పండి, ఆ చొక్కా మాన్పించేస్తా."

పెద్ద మేడమ్ కాగితాలు అటు తిప్పింది, ఇటు తిప్పింది. సంతకాలు అచ్చుగుద్దినట్టున్నాయి.

"రెండూ సరైనవేనండీ" అంది చివరికి, నీరసంగా.

"అయితే జేబు ఎక్కడున్నా సరే కదండీ?"

"బడి లోపల ఉంటే చాలు." ఆవిడ చెయ్యి ఊపింది. "పోమ్మా, క్లాసుకి పో."

గుమ్మం బయట పొంచి వింటున్న పిల్లలు ఆ మాట పట్టుకుని పోయారు. సాయంత్రానికి టైలరు కొట్టు ముందు పిల్లల బారు తయారైంది. ఒకడికి మోచేతి మీద కావాలి. ఒకమ్మాయికి చంక కింద, ఎవరికీ కనబడకుండా. ఇంకొకడు జేబు వద్దు, మూత మాత్రం చాలన్నాడు. వెనకాల నిలబడ్డ ఒకడు భయంభయంగా, ముందే ఉండొచ్చా అని అడిగాడు. నిక్షేపంగా ఉండొచ్చంది ఉలిపికట్టె. టైలరు కుట్లు విప్పాడు, మళ్ళీ కుట్టాడు. వాదించలేదు. సుద్ద ఎక్కడ ఉంటే దారం అక్కడ. కాకపోతే సుద్ద ఇప్పుడు కూతురి చేతిలో ఉంది. ఒక్కొక్కళ్ళనీ అడిగి, వాళ్ళు వేలు పెట్టిన చోట చుక్కలు పెడుతోంది.

"నీ దానికి ఎక్కడే?" అడిగాడు మెషిను తొక్కుతూ.

"ఇంకా అనుకోలేదు నాన్నా."

"తొందరేం లేదు. అనుకున్నాక చెప్పు."

బారు తరిగాక టైలరు లేచి, తన చొక్కా విప్పి బల్ల మీద పరిచాడు. ఇరవై ఏళ్ళుగా మిగిలిన బట్టతో తనకి కుట్టుకునే అదే లేత నీలం చొక్కా.

"నాకూ పెట్టు ఒకటి" అన్నాడు.

ఉలిపికట్టె అతడి మొహం వంక చూసింది. నాయనమ్మ గుండీలు వదిలేసి మెడ చాచింది. టైలరు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బట్ట మీద సుద్ద రెండుసార్లు తగిలిన చప్పుడు వినిపించింది. ఎక్కడ పెట్టావని అడగలేదు. మెషిను ముందు కూర్చుని, కూతురు చెయ్యి పట్టి నడిపించిన చోటల్లా కళ్ళు తెరవకుండానే కుట్టేశాడు. మర్నాడు ఆ చొక్కా వేసుకుని బజారుకి పోతే, దారిలో కనీసం నలుగురైనా నవ్వి ఉంటారు.