చావు జాబితాలో పెంటవ్వ

నాకు ముక్కు మీదే కోపం. మోస్రా బడిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఎవర్నడిగినా చెప్తారు. పోలింగ్ రోజు మాత్రం నోరు కట్టుకోవాలని గట్టిగా అనుకొనే బోధన్ వెళ్లాను. బూత్‌కు ప్రిసైడింగ్ ఆఫీసర్ని. పైగా మా పని చూడ్డానికి వేరే దేశాల ఎన్నికల అధికారులు వస్తారట.

చుట్టుపక్కల బూత్‌లన్నీ చూసుకునే సెక్టార్ ఆఫీసర్ రవీందర్ గారిది పొద్దున్నుంచీ ఒకటే రాగం. "ఎస్తర్ మేడం, గెస్టుల ముంగట లొల్లి కావద్దు. ఇజ్జత్ కా సవాల్."

పది గంటలకు నమీబియా నుంచి సెల్మా అనే ఆవిడ వచ్చి గోడ పక్కన నిలబడింది. వాళ్ల దేశంలో ఆమెదీ నా పనే. సరిగ్గా అప్పుడే వరసలోంచి పెంటవ్వ ముందుకొచ్చింది. డెబ్బై దాటిన బీడీ కార్మికురాలు. చేతులు ఊరికే ఉండలేవు కాబోలు, కొంగు చివరను చుడుతూ విప్పుతూ ఉంది.

నా పక్కనున్న క్లర్కు జాబితా చూసి నీళ్లు నమిలాడు. "అవ్వా, నువ్వు సచ్చిపోయినట్టు రాసుంది."

"నేనా? గా మాట నాకెవ్వలు చెప్పలేదు గద బిడ్డా!"

వరసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాళ్ల సందులో నలుగురు పెంటవ్వలని వరసలోవాళ్లే చెప్పారు. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాతి బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆ పేరే పెడతారు, పనికిరానిదనుకొని చావు వదిలేస్తుందని. మొన్న ఎండాకాలం ఒక పెంటవ్వ పోయింది. ఏ పెంటవ్వ అని అడక్కుండా ఎవరో ఈమె పేరు పక్కన రాసేశారు.

రవీందర్ గారు నా చెవి దగ్గరికొచ్చారు. "సాయంత్రం రమ్మను మేడం. గెస్టులు పోయినంక సూద్దాం."

"సచ్చినదాన్ని సాయంత్రం దాక ఏడుండాలె సారూ?" పెంటవ్వ చెవులు భేషుగ్గా ఉన్నాయి. "పుట్టంగనే పెంట మీద పండవెట్టి యముని కండ్లల్ల దుమ్ము గొట్టింది మా అవ్వ. మీ కాయిదానికి సస్తనా? యాభై ఏండ్ల సంది ఓటేస్తున్న. ఎయ్యంది కదల."

ఏమైందని సెల్మా ఇంగ్లిషులో అడిగింది. "చిన్న ఎంక్వైరీ" అన్నారు రవీందర్ గారు. నాకు ఒళ్లు మండింది. అబద్ధమాడి కాపాడుకునే పరువు కూడా ఇజ్జతేనా! ఉన్నదున్నట్టు చెప్పేశాను.

సెల్మా నా బల్ల దగ్గరికొచ్చింది. "నేను కలగజేసుకోకూడదు. ఒక్కటే అడుగుతాను. ఇలాగే ఒక ముసలామె వస్తే నేను తిప్పి పంపాను. మా నిబంధనల పుస్తకంలో ఏం చేయాలో లేదు. తర్వాతి ఎన్నికలకు ఆమె రాలేదు. మీ పుస్తకంలో ఉందా?"

"ఉంది" అన్నాను. పేజీ తీసి పైకి చదివాను. జాబితాలో చనిపోయినట్టు రాసున్న మనిషే వస్తే, గుర్తింపు కార్డు సరిచూసి, బతికే ఉన్నానని రాయించుకొని, వేలిముద్ర తీసుకొని ఓటు వేయనివ్వాలి.

"రిపోర్టుల వడ్తది మేడం!"

"పడనీయండి సార్. నా సంతకంతోనే పడనీయండి."

పెంటవ్వ వేలిముద్ర వేసింది. అరవై ఏళ్లు బీడీలు చుట్టిన బొటనవేలు, గీతలు సగమే పడ్డాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే అనుకుంటాను. కాసేపటికి మిషన్ బీప్‌మంది.

ఓటేసే అట్ట చాటు నుంచి వచ్చి, ఆమె సిరా వేలును రవీందర్ గారి మొహం ముందు పెట్టింది. "సచ్చినోళ్లకు సిర పూస్తరా సారూ?" గుమ్మం దగ్గర మళ్లీ ఆగింది. "మా సందుల ఇంక ఇద్దరు పెంటవ్వలున్నరు. వాళ్లను గూడ సంపిండ్రో ఏమో. తోల్కొస్త, ఆగుండ్రి."

బయట సెల్మా కోసం కారు హారన్ కొడుతోంది. ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. నేను బతికే ఉన్నానని రాయించుకునే కాగితాలు ఇంకో రెండు తీసి, రవీందర్ గారు చూస్తుండగానే బల్ల మీద పెట్టాను.