ఫ్రీజర్లో పెట్టిన టీకా

"నీకెలాగూ అలవాటేగా!" అన్న ఒక్క మాటతో ఆ ఇంట్లో సూది పనులన్నీ పెద్దకోడలి నెత్తిన పడ్డాయి. ఆసుపత్రిలో టీకాల గదిలో పన్నెండేళ్ళుగా నర్సు ఆమె. ఇంటికొస్తే మామగారి ఇన్సులిన్, అత్తగారి బీపీ, ఆఖరికి మరిది కొడుకు పాలసీసాలు మరిగించడం కూడా ఆమెకే అలవాటట. ఆ బిడ్డ తల్లి, చిన్నకోడలు, కళ్ళ డాక్టరు మరి.

కుళ్ళు ఉంది, దాచుకోవడం దేనికి? చిన్నకోడలు గుమ్మంలో చెప్పులు విప్పగానే అత్తగారి చేతిలో మంచినీళ్ళ గ్లాసు ప్రత్యక్షమవుతుంది. పెద్దకోడలు అదే గుమ్మం ఎక్కితే "పాలు విరిగాయి, చూడు" అన్న కబురు ఎదురొస్తుంది. భర్తతో చెప్పుకుంటే, "డాక్టరుతో పోటీ ఏంటే నీకు?" అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఆదివారం పసివాడికి టీకా. మందు చిన్నకోడలే తెచ్చింది. వెయ్యాల్సింది మాత్రం పెద్దకోడలు.

"అందులో అల్యూమినియం కలుపుతారటగా? గిన్నెలు చేసేది పసివాడి ఒంట్లోకా?" అంది అత్తగారు.

"అందులో ఉండేది చచ్చిన క్రిమి అత్తయ్యా. అది జబ్బు తేలేదు. కానీ చచ్చినదాన్ని ఒళ్ళు పెద్దగా పట్టించుకోదు. అల్యూమినియం లవణం రవ్వంత కలిస్తే ఉలిక్కిపడి గుర్తుపెట్టుకుంటుంది. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే. మనం తినే తిండిలో, తల్లిపాలలో కూడా కాస్త ఉంటుంది. సూది వేసినచోట ఒకట్రెండు రోజులు నొప్పి, వాపు ఉండొచ్చు, మామూలే."

అత్తగారు చిన్నకోడలి వైపు తిరిగింది. "నిజమేనంటావా?"

"ఏం కాదత్తయ్యా" అందామె, ఫోన్లోంచి తలెత్తకుండా.

"అలా చెప్పు, ప్రాణం కుదుటపడింది!"

పెద్దకోడలు పళ్ళు నూరుకుంటూ మందు సీసా అందుకుని, అలవాటు ప్రకారం కుదిపింది. పలచటి పాలలా అంతా ఒక్కటిగా కలవాల్సిన మందులో పలుకులు తేలి, చూస్తుండగానే అడుక్కి దిగిపోయాయి.

"ఇది ఎక్కడ పెట్టావు?"

"నిన్నట్నుంచి ఫ్రీజర్లో అక్కా. చల్లగా ఉండాలిగా. పొద్దున తీసి బయటపెట్టాను."

గడ్డకడితే ఆ లవణం ముద్దలైపోతుంది, మందు పనికిరాదు. వేస్తే పిల్లాడికి ఒరిగేదేమీ లేదు, జబ్బు నుంచి కాపు ఉండదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా. వేసెయ్, ఆవిడ గొప్ప ఆవిడ బిడ్డకే తగలనీ అంది మనసు, ఒక్క క్షణం. పసివాడు ఆమె వేలు పట్టుకుని చొంగ కారుస్తున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసి, సూది పక్కన పెట్టేసింది.

"ఇది వెయ్యకూడదు."

"మళ్ళీ ఏం పాడుచేశావు?" అత్తగారు గయ్యిమంది. భర్త పేపరు మీంచి విసుగ్గా చూశాడు. చిన్నకోడలు ఆమె మోచెయ్యి నొక్కి, "అక్కా, ప్లీజ్, పాత మందని చెప్పెయ్" అని గొణిగింది.

తను ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది చిన్నకోడలి చదువు చూసి కాదని పెద్దకోడలికి అప్పుడు తెలిసింది. తప్పు చేసినా ఆమె మీదికి ఎవరి వేలూ లేవదు. ఆ సుఖం చూసి.

"పాడుచేసింది నేను కాదత్తయ్యా, మీ డాక్టరమ్మ. రేపు పదింటికి పిల్లాణ్ణి ఆసుపత్రిలో నా గదికి తీసుకురండి, కొత్త మందు వేస్తాను. టోకెన్ తీసుకుని వరసలో కూర్చోవాలి. అక్కడ నేను చెప్పింది నిజమేనా అని ఎవరూ ఇంకొకర్ని అడగరు."